తృప్తియు శ్రమభాగమును



సర్వలోకపితయగు పరమేశ్వరుని సన్నిధిని నేఁడు మన మిచ్చటఁ గూడియున్నాము. ఈ యుపాసనానంతరమున మీతో నొక సామాన్యవిషయమును ముచ్చటింపఁ దలఁచితిని. ఇది మోక్షస్వరూపమునుగూర్చిన గహనతర్కము గాదు. మతముల తారతమ్యవిచారమును గాదు. మన చేతులనుగూర్చియుఁ గాళ్ళనుగూర్చియు, మనము దినదినమును జేయు పనినిగూర్చియు, చేయక యొరులచేఁ జేయించుకొను పనినిగూర్చియు నాలుగు మాటలు చెప్పఁబోవుచున్నాను. విన్నపిమ్మట నిదియు ధర్మవిచారమే యని మీరొప్పుకొందురని నమ్ముచున్నాను.

కొంతకాలము క్రిందట మన సమాజమునకుఁ దఱచుగా వచ్చు నొక పెద్దమనుష్యుఁడు, ఉపాసన ముగిసి యందఱును వెడలిన పిమ్మట నాయొద్దఁ గూర్చుండి యిట్లనెను: "అయ్యా! ముప్పదియైదేండ్లు ఉద్యోగము చేసితిని. పింఛను వచ్చుచున్నది. కుమారులు ప్రయోజకులైరి. కూఁతురు సుఖముగ నున్నది. ఋణము లేదు, వ్యాజ్యము లేదు. ఐనను బ్రొద్దున లేచినది మొదలు రాత్రి పండుకొనువఱకు నాకుఁ దృప్తి యనునది లేదు. ఆఁకలి మందగించినది; నిద్ర పట్టదు; మోఁకాళ్ళు నొచ్చుచున్నవి. ప్రార్థన చేయుదును గాని మనస్సు నిలువదు. నా ప్రార్థనయం దేమి లోపమున్నదో సెలవిండు."

నాకు వెంటనే యుత్తరము తోఁచలేదు. ఆ సమయమున మందిరమును జిమ్ముచున్న ముసలమ్మ చీపురును గోడకుఁ జేరవైచి నడుము పట్టుకొని నిలిచెను. ఆయన దయార్ద్రహృదయుఁ డగుటచే నామెవైపు దిరిగి, "ఏమమ్మా, నీకైనను దృప్తిగా నున్నదా?" యని యడిగెను. ఆమె నవ్వి, "తృప్తో గిప్తో నాకేం తెలుసు బాబూ! ఇంకా నాలుగిళ్ళు చిమ్మాలి, అంట్లు తోమాలి. ఒక్క పూట కూకుంటే తెలిసేదేమో!" యని మరల చీపు రందుకొనెను.

ఈ యిరువురి మాటలును నా చెవులలో ననేకదినములు మాఱుమ్రోగుచుండెను. మొదట నివి రెండు వేఱువేఱు దుఃఖములని తలఁచితిని. ఒకరిది తీఱిక యెక్కువయైన దుఃఖము. మఱియొకరిది తీఱిక లేని దుఃఖము. విచారించినకొలఁది నివి రెండును గావు, ఒక్కటియే యని నాకుఁ దోఁచెను. ఆయన దేహమునకుఁ గొఱవడిన శ్రమయే యామె నడుముమీఁద మోపుగాఁ గూర్చున్నది. ఆమెకుఁ గొఱవడిన విశ్రాంతియే యాయన యింటఁ గుప్పగాఁ బడి క్రుళ్ళుచున్నది. నేఁడు నేను మీకుఁ జెప్పఁదలఁచిన దిదియే.

మొదట దేహమునుగూర్చి విచారింతము. మన దేశమునందు దేహమునుగూర్చి రెండు విపరీతాభిప్రాయములు చిరకాలమునుండి వ్యాపించియున్నవి. దేహము హేయమనియు, దానిని శోషింపఁజేయుటయే తపస్సనియుఁ గొందఱందురు. దేహమే సర్వమనియు, కోరినదెల్లఁ బెట్టి యే కష్టమును దగులనీయక కాపాడుటయే భాగ్యమనియు మఱికొందఱందురు. మొదటివారు దానిని శత్రువుగాఁ జూతురు. రెండవవారు గారాబుబిడ్డగాఁ జూతురు. బ్రహ్మధర్మ మీ రెంటి నంగీకరింపదు. 1828వ సంవత్సరమునఁ గలకత్తాలో బ్రహ్మసమాజమును స్థాపించిన రాజా రామమోహనరాయలవారు, గృహస్థుఁడు గృహమునందుండియే బ్రహ్మనిష్ఠుఁడు కావచ్చునని బోధించిరి. గృహస్థునకు దేహము తప్పించుకొనవలసిన కారాగృహము గాదు. దేవుఁ డొసంగిన పనిముట్టు. పనిముట్టును బూజించువాఁడును, త్రుప్పుపట్టనిచ్చువాఁడును, మితిమీఱి వాడి విఱుగఁగొట్టువాఁడును యజమానునియెడ సమానముగనే యపరాధులు.

ఈ పనిముట్టునకు నియమములు గలవు. అవి గ్రహచారముచేతఁ గాని దేవతల యాగ్రహానుగ్రహములచేతఁ గాని మాఱునవి గావు. మశూచికమును మన పెద్దలు అమ్మవారని కొలిచి జాతరలు చేసిరి. టీకాలవలన నా వ్యాధి లోకమునుండి నిర్మూలమైనదని 1980వ సంవత్సరమునఁ బ్రపంచారోగ్యసంస్థ ప్రకటించెను. దానిని దొలఁగించినది మేఁకపోతుబలి గాదు. ఈశ్వరనియమములను వెదకి తెలిసికొన్న మనుష్యబుద్ధి. మన కందుకూరి వీరేశలింగము పంతులుగా రారోగ్యమునుగూర్చి తాము రచించిన పుస్తకమునకు దేహారోగ్యధర్మబోధిని యని పేరిడిరి. ఆరోగ్యమును ధర్మమును ఒక్క పేరునందుఁ గూర్చుటలోనే గొప్ప యుపదేశ మిమిడియున్నది.

ఆ నియమములలో మొదటిది, దేహము కదలుటకై నిర్మింపఁబడినదనునది. ఇందుకొక దృష్టాంతము చెప్పెదను. లండను నగరమునందలి రెండంతస్తుల బస్సులలోఁ బూర్వ మిద్దఱేసి పనివారుండెడివారు. ఒకఁడు దినమంతయుఁ గూర్చుండి బండి నడపు డ్రైవరు. మఱియొకఁడు టిక్కెట్ల నిచ్చుచు మెట్లెక్కుచు దిగుచు నుండు కండక్టరు. కండక్టరు పనిదినమునకు 500 మొదలు 750 మెట్లవఱకు నెక్కుచుండెను. జెర్రీ మోరిస్ అను వైద్యశాస్త్రజ్ఞుఁడును, ఆయన సహాయులును వేలకొలఁది బస్సుపనివారి యారోగ్యవృత్తాంతములను బరీక్షించి తమ ఫలితములను 1953వ సంవత్సరమున లాన్సెట్టు అను వైద్యపత్రికయందుఁ బ్రకటించిరి. కూర్చుండి పనిచేయు డ్రైవర్లకంటె మెట్లెక్కు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచుండెను. వచ్చినప్పుడును, దానివలన హఠాత్తుగ మరణించుటయుఁ గండక్టర్లయందే తక్కువగా నుండెను.

ఒక్క సాక్ష్యముచేతనే తీర్పు చెప్పుట న్యాయము గాదు. డ్రైవర్లు పనిలోఁ జేరునప్పటికే స్థూలకాయులేమో యని వారే సందేహించి, యుడుపుల కొలతలను బరిశీలింపఁగా, డ్రైవర్ల నడుములు నిజముగనే పెద్దవని 1956వ సంవత్సరమునఁ దేలినది. కాఁబట్టి ఫలమంతయు మెట్లదే యనుట తగదు. అయినను ఇంటింటికి నడచి యుత్తరముల నందఁజేయు తపాలావారిని, కచేరీలోఁ గూర్చుండు గుమాస్తాలతోఁ బోల్చి చూచినప్పుడును నదే త్రోవ కనఁబడెను. పిమ్మట ననేకదేశములలో జరిగిన పరీక్షలును దీనిని బలపఱచినవి. పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషములవఱకు నొక మోస్తరు వేగముతోడి నడకవంటి శ్రమ చేయవలెననియు, వారమునకు రెండు దినములైనఁ గండరములకు బలమిచ్చు పనులు చేయవలెననియు, ఏమియుఁ జేయకుండుటకంటె నెంత కొంచెము చేసినను మేలనియు 2020వ సంవత్సరమునఁ బ్రపంచారోగ్యసంస్థ విధించెను. 150 నిమిషములను దినములకుఁ బంచిన 22 నిమిషములు మాత్రమే. దీనివలన గుండెకే కాక మనస్సునకును మేలు గలదనియు, దిగులును ఆందోళనమును దగ్గుననియు నా సంస్థయే చెప్పుచున్నది. సంతోషముగ నుండువారే యెక్కువ నడతురా, నడచుటచే సంతోషము గలుగునా యని యడిగినచో, రెండును గలవు. దేహమును మనస్సును ఒకే యింటి రెండు గదులు. ఒకదానియందు దీపము వెలిఁగించిన రెండవదానిలోనికిని గొంత వెలుఁగు ప్రసరించును.

మఱి మన సంగతి యేమి? 2022వ సంవత్సరపు లెక్కలనుబట్టి భారతదేశమునందలి పెద్దవారిలో సుమారు సగముమంది చాలినంత దేహశ్రమ చేయుటలేదు. 2000వ సంవత్సరమున నీ సంఖ్య యింతలో సగమునకుఁ దక్కువగా నుండెను. మధుమేహముగలవారు మన దేశమునఁ బదికోట్లకు మించియున్నారని 2023వ సంవత్సరమునఁ బ్రకటితమైన పరిశోధనము చెప్పుచున్నది. ఈ వ్యాధికిఁ దిండి, వంశము మొదలగు కారణములును గలవు. అయినను గదలకుండుటయు నొక ముఖ్యకారణము.

మనకు వ్యాయామము క్రొత్తది గాదు. సాముగరిడీలు, దండీలు, బస్కీలు మన యూళ్ళలో నుండెను. వీరఘట్టమునఁ బుట్టిన కోడి రామమూర్తినాయుఁడుగారు విజయనగరమున విద్యార్థులకు వ్యాయామము గఱపి, పిమ్మట దేశదేశములఁ దమ బలమును జూపి, 1942వ సంవత్సరమునఁ బరమపదించిరి. ఆయన గుండెమీఁద నేనుఁగు నిలిచెనని మనము గర్వముతోఁ జెప్పుకొందుము. కాని పరుని బలమును జూచి చప్పట్లు కొట్టుట వ్యాయామము గాదు. నేఁడు మనలోఁ గొందఱు వ్యాయామశాలకు రుసుము చెల్లించి, కదలుచున్న పట్టామీఁద నిలిచినచోటనే గంటసేపు నడచుచున్నారు. మేలే; వలదనను. కాని యా వ్యాయామశాలకుఁ బోవుటకుఁ గారెక్కుదుము. మేడ యెక్కుటకు లిఫ్టెక్కుదుము. ఇంటికి వచ్చి క్రిందఁబడిన చెంబు నెత్తుటకుఁ బనిమనిషిని బిలుతుము. బరువు నెత్తుటకు సొమ్మిచ్చుచున్నాము. నీళ్ళబిందె నెత్తుట మాత్రము నామోషీ యనుకొనుచున్నాము. ఈ నామోషీ దేహమునకు సంబంధించిన జబ్బు గాదు. ఇది కులభేదమునకు దాయాదియగు నాత్మరోగము. చేతిపని చేయువాఁడు తక్కువవాఁడను తలఁపు మన హృదయములనుండి పోవునంతవఱకు, మనము నోట నుచ్చరించు సర్వమానవసౌభ్రాత్రము సున్న లేని యంకెవలె నసంపూర్ణము.

ఇఁక బనినిగూర్చి విచారింతము. పనిలేని తీఱికయే సుఖమని మనలో ననేకుల నమ్మకము. ఆ నమ్మకమునకు జవాబు, ఆస్ట్రియాదేశమున వియన్నానగరమునకు సమీపమునందలి మరియెంటాల్ అను పల్లెయం దున్నది. ఆ యూరివారందఱకును నొక్క నూలుమిల్లే యాధారము. 1929-30 సంవత్సరములయం దా మిల్లు మూఁతపడెను. ఊరూరంతయుఁ బనిలేనిదయ్యెను. మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ త్సైజెల్ అను పరిశోధకులును వారి సహాయులును ఆ యూరికిఁ బోయి, ప్రజల దినచర్యలను శ్రద్ధతోఁ బరీక్షించి 1933వ సంవత్సరమున నొక గ్రంథముగాఁ బ్రకటించిరి. వారు చూచినదేమి? మగవారికి దినమంతయుఁ దీఱికయే. చదువుకొనుటకుఁ గావలసినంత కాలమున్నది. అయినను గ్రంథాలయమునుండి పుస్తకములను దీసికొనిపోవుట తగ్గిపోయెను. వీథిలో నడచువారి నడక మందగించెను. మగవారు నాలుగడుగులు వేయుటయు నిలుచుటయుఁగా నుండిరి. అనేకులు గడియారము పెట్టుకొనుటయే మానిరి. కాలము తెలిసికొని చేయవలసిన దేమున్నది? దినమంతయు నేమి చేసితివని యడిగిన, చెప్పుటకు మాట తోఁచకుండెను.

బీదతనమే యిందుకుఁ గారణమని మీరనవచ్చును. బీదతనము గొప్ప కారణమే. కాని పని పోయినవారి జీవితసంతృప్తిని, పోయిన యాదాయమును లెక్కలోఁ జేర్చి సవరించి చూచినను, వారి తృప్తి మిగిలినవారికంటెఁ దక్కువగనే యున్నదని యర్థశాస్త్రజ్ఞు లనేకులు కనుఁగొనిరి. పని కూలినే గాదు, కాలమునకొక క్రమమును, నలుగురితోడి సహవాసమును, నేనొకరికిఁ గావలసినవాఁడననెడి యెఱుకనుగూడ నిచ్చుచున్నది. మన పెద్దమనుష్యుని దుఃఖము మీకిప్పు డర్థమైనదని తలంచెదను. ఆయనకు ధనము పోలేదు. పింఛను వచ్చుచునే యున్నది. పోయినది, ప్రొద్దున లేచునప్పుడు తన కొఱకు వేచియుండు పని.

మరియెంటాల్‌లో మఱియొక విశేషము గలదు. మగవారు వీథిలో నిలిచి కాలము గడపుచుండఁగా స్త్రీలు మాత్రము తొందరగా నడచిపోవుచుండిరి. మిల్లు మూఁతపడినను పొయ్యి మూఁతపడదు గదా! ఉన్న కొలఁది గింజలతో వంట, చినిఁగిన బట్టల కుట్టు, బిడ్డల పోషణము, ఇవన్నియు వారికిఁ దప్పలేదు. ఊరంతయుఁ దీఱికతో బాధపడుచుండఁగా నూరిలో సగముమందికిఁ దీఱికయే లేదు. ఇది దూరదేశపు వింత గాదు. మన దేశమునందు 2019వ సంవత్సరమునఁ బ్రభుత్వమువారు జరిపిన కాలవినియోగపరిశీలనమున, కూలిలేని యింటిపనిలో స్త్రీలలో నూటికి 81 మందియుఁ బురుషులలో నూటికి 26 మందియు మాత్రమే పాలుగొనుచున్నారని తేలినది. పాలుగొన్నవారిలోనైనను స్త్రీ దినమునకు 299 నిమిషములును, పురుషుఁడు 97 నిమిషములును జేయుచున్నారు. స్త్రీవిద్యకై, వితంతూద్ధరణమునకై పాటుపడిన సమాజము మనది. స్త్రీకిఁ బుస్తకము నిచ్చితిమని సంతోషించుచున్నాము. ఆ పుస్తకమును విప్పుటకుఁ దీఱిక నిచ్చితిమా యని మనల మనము ప్రశ్నించుకొనవలసియున్నది.

శ్రమ మంచిదైనచో నెక్కువ శ్రమ యెక్కువ మంచిది గాదా యని యొకరు నన్నడిగిరి. కాదు. అన్నము మంచిదని కుండెఁడన్నమును దినిన వానికిఁ గలుగునది బలము గాదు. వారమునకు 55 గంటలు, అంతకుమించి పనిచేయుటవలనఁ గలిగిన పక్షవాతముచేతను, గుండెజబ్బుచేతను 2016వ సంవత్సరమున లోకమునందు సుమారు 7,45,000 మంది మరణించిరని ప్రపంచారోగ్యసంస్థయు నంతర్జాతీయ కార్మికసంస్థయు 2021వ సంవత్సరమునఁ బ్రకటించినవి. మఱియు స్వేచ్ఛతో, తగిన విశ్రాంతితోఁ జేయు వ్యాయామము దేహమునకు బలము నిచ్చునట్లు, విరామములేక బలవంతముగ మోయు బరువు బలము నీయదనియు, కొన్నిచోట్లఁ గీడే చేయుచున్నదనియు శాస్త్రజ్ఞులు గుర్తించియున్నారు. కాఁబట్టి, "మా పనిమనిషి దినమంతయుఁ బని చేయును, ఆమెకు వేఱ వ్యాయామ మెందుకు? ఎంత యారోగ్యవంతురాలో!" యని మనము మెచ్చుకొనుట యజ్ఞానము, ఒక్కొక్కప్పుడది క్రౌర్యము. శ్రమను వ్యాయామముగాఁ జేయునది విశ్రాంతి. విశ్రాంతిని సుఖముగాఁ జేయునది శ్రమ. ఈ రెంటిని విడఁదీసి, యొకదానిని నొకరి కిచ్చి, రెండవదానిని మఱియొకరి నెత్తిన రుద్దినచో నిరువురును రోగులే యగుదురు.

సోదరులారా! ఇదియే నేను జూచిన సత్యము. పరమేశ్వరుఁడు ప్రతిమనుష్యునకును రెండు చేతులిచ్చెను. ఒకనికిఁ జేతులును మఱియొకనికి నోరును మాత్రమే యిచ్చి పుట్టింపలేదు. ప్రతివానికిని శ్రమయందొక భాగమును, విశ్రాంతియందొక భాగమును నేర్పఱచెను. తన శ్రమభాగమును బరునిమీఁదఁ ద్రోయువాఁడు రెండు దేహములను దొంగిలుచున్నాఁడు. తన దేహమునుండి బలమును, పరుని దేహమునుండి విశ్రాంతిని. తృప్తి యనునది బజారునఁ గొనవచ్చు వస్తువు గాదు. ధ్యానమునందుఁ గన్నులు మూసికొన్నంతమాత్రమున దొరకునదియుఁ గాదు. తన వంతు పని తాను జేసి, యొరుని వంతు విశ్రాంతి నొరునకు విడిచి, రాత్రి పండుకొనునప్పుడు దేహమునందుఁ గలుగు న్యాయమైన యలసటయే దానికి మూలధనము.

మన పూర్వులలో నీ సత్యము నెఱిఁగినవారున్నారు. కలకత్తాకు సమీపమునందలి బరానగరమున శశిపద బెనర్జీగారను బ్రాహ్ముఁడు జనుపమిల్లులలోఁ బనిచేయువారి కొఱకు 1870వ సంవత్సరమున నొక సంఘమును స్థాపించి, 1874వ సంవత్సరమున భారత శ్రమజీవి యను పత్రికను వెలయించెను. శ్రమజీవులకు మన జాలి చాలదనియు, చదువును, తీఱికయు, గౌరవమును గావలెననియు నాయన యెఱిఁగి పనిచేసెను. ఆ కృషి మనకు మార్గదర్శకము గావలెను.

ఇచ్చట రెండు సందేహములను దీర్పవలెను. "మా పని మేమే చేసికొన్నచోఁ బేదల జీవనోపాధి పోదా?" యని కొంద ఱడుగుదురు. కూలిని దగ్గింపుమని నేను జెప్పలేదు, మోపును దగ్గింపుమంటిని. ఆమె చేయు పనిలోఁ గొంత మనము చేసినను, ఆమె జీతము యథాప్రకారముగ నిత్తము. వారమున కొకదినము సెలవును జీతముతోఁ గూడ నిత్తము. దానివలన మనకుఁ గలుగు ఖర్చు లేదు. మనకుఁ గలుగునది యారోగ్యము. రెండవ సందేహము, రోగులమాట, వృద్ధులమాట, అవయవలోపముగలవారి మాట. వ్యాధి పాపఫలమని బ్రహ్మధర్మము చెప్పదు. మంచమున నున్నవానికిఁ దృప్తి నిషిద్ధము గాదు. ఎవని శక్తి యెంతయో వాని భాగ మంతియే. పప్పులో రాళ్ళేఱుటయు, పసిబిడ్డకు నక్షరములు చెప్పుటయు, ప్రక్కవాని మాటను నోపికతో వినుటయుఁ గూడ భాగమే. నడవఁగలవాఁడు నడవకుండుట లోపముగాని, నడవలేనివాఁడు నడవకుండుట లోపము గాదు.

ఇఁక నా పెద్దమనుష్యుని కథను ముగించెదను. నేనీ మాటల నాయనతో నన్నప్పు డాయన కొంతసేపు మౌనముగ నుండి లేచిపోయెను. కోపము వచ్చినదేమో యనుకొంటిని. మఱువారము ఉపాసనకు గంట ముందుగా వచ్చి, పైపంచె నడుమునకుఁ జుట్టి, చీపురు పుచ్చుకొని మందిరమును జిమ్మ నారంభించెను. ముసలమ్మ యదరిపడి, "వద్దు బాబూ! తప్పు బాబూ! నా పని పోద్ది" యని చేతులు జోడించెను. ఆయన, "నీ కూలి నీదే తల్లీ, ఈ పూటకు నీవు కూర్చుండుము" అనెను. ఆమె యెక్కడఁ గూర్చుండవలెనో తెలియక వాకిటఁ గూర్చుండఁబోయెను. ఆయన చాపను బఱచి లోపల మనతోపాటు కూర్చుండఁబెట్టెను.

ఆ నాఁడు నేను వేదికమీఁదనుండి యామెను జూచి సిగ్గుతోఁ దలవంచుకొంటిని. ఇన్నియేండ్లుగ సర్వమానవులును నొక్క తండ్రి బిడ్డలని యీ మందిరమున బోధించుచుంటిని. ఇన్నియేండ్లుగ నా మందిరమును శుభ్రపఱచు నీ సోదరి యొక్క దినమైనను ఉపాసనలోఁ గూర్చుండలేదు. కూర్చుండలేదని నేను గమనింపనైన లేదు. నా బోధ మామె నడుముమీఁద నిలిచియుండెను.

కొన్నినెలలు గడచినవి. ఆయన మోఁకాళ్ళనొప్పి పూర్తిగాఁ బోలేదు. పోయినదని చెప్పి మిమ్ము మోసపుచ్చను. నిద్ర పట్టుచున్నదనెను. ఇంట నీళ్ళు తోడుట, కూరలు తఱుగుట, సాయంకాలమునఁ బొరుగువారి పిల్లలకు లెక్కలు చెప్పుట తన పనులుగాఁ బెట్టుకొనెను. "తృప్తి కలిగినదా?" యని నేనడుగఁగా, "చూచుకొనుటకుఁ దీఱిక దొరకలేదయ్యా!" యని నవ్వెను. ముసలమ్మ యిప్పుడు ప్రతివారమును లోపలఁ గూర్చుండుచున్నది. అప్పుడప్పుడు కునికిపాట్లు పడును. ఆమె నిద్రను జూచి నేను మాటను మెల్లగాఁ జెప్పుదును. ఆ నిద్ర యామెకు రావలసిన బాకీ.

కాఁబట్టి, సోదరీసోదరులారా! నేఁ డింటికిఁ బోయి గొప్ప వ్రతములఁ బట్టవలదు. దినమున కరగంట నడువుఁడు. ఇంటిలో మీరు జేయని యొక్క పనిని మీదిగాఁ జేసికొనుఁడు. చేసి మెప్పు కోరకుఁడు. మీ యింటఁ బనిచేయువారికి వారమున కొక్కదినము జీతముతోడి విశ్రాంతి నిండు. మీ గృహిణి యేదినమున నేయే గంటల విశ్రమించుచున్నదో యొక్కమాఱడిగి తెలిసికొనుఁడు. ఆ యుత్తరమును విని యూరకుండఁగలిగినచో, నా యుపన్యాస మంతయు వ్యర్థమని యెంచుకొందును.

ఇప్పుడు ప్రార్థింతము.

ఓ జగత్పితా! నీవు నిద్రలేక యీ విశ్వమును బాలించుచున్నావు. పక్షికిని జీమకును దగిన పనిని, పనికిఁ దగిన విశ్రాంతిని నియమించితివి. మాకును నీ వొసంగిన భాగమును మేమెఱుఁగక పరులమీఁదఁ ద్రోచితిమి, క్షమింపుము. మా చేతులకుఁ బనిని, మా హృదయములకు వినయమును, మా సోదరసోదరీమణుల దేహములకు విశ్రాంతిని దయచేయుము. రోగులకు నూఱటను, నిరుద్యోగులకుఁ బనిని, శ్రమపీడితులకు విరామమును బ్రసాదింపుము. దినాంతమున మేము నీ సన్నిధికి వచ్చునప్పుడు మా వంతు మేము చేసితిమని చెప్పుకొనఁగలిగిన తృప్తిని మాకిమ్ము. అంతకు మించినది మేము కోరము.

శాంతి! శాంతి! శాంతి!